వెన్ను పట్టీలు

కామా మాస్టారి చేతిలో ఆ కాగితాలు పెట్టిన రోజున తన చెయ్యి విరిగి ఉన్నా బాగుండేదని బైండరు అనని రోజు లేదు. అడిగినవాళ్ళతో అంటాడు, అడగనివాళ్ళతో అంటాడు, ఎవరూ లేకపోతే బంక గిన్నెతో అంటాడు. "చదువు రానివాడు దోచుకుంటే జేబు పోతుంది. చదువుకున్నవాడు దోచుకుంటే నోరు పోతుంది" అంటాడు. ఆ మాట అన్నాక మాత్రం బంక కలపడం మొదలుపెడతాడు. దాని తరవాత చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది తన గురించి.

మాస్టారి అసలు పేరు ప్రెస్సులో ఎవరూ పలకరు. బడిలో పిల్లల నోటు పుస్తకాలు దిద్ది దిద్ది, రిటైరయ్యాక ప్రెస్సులో ఓ మూల బల్ల వేసుకుని పెద్దవాళ్ళ రాతలు దిద్దుతున్నాడు. ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెట్టే మనిషి. ఆయన తుమ్మినా మధ్యలో కామా ఉంటుందని టైపు చేసేవాళ్ళు నవ్వుకుంటారు. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే బైండరు ముందే జాగ్రత్త పడేవాడు.

ఫారాలు వచ్చింది సోమవారం పొద్దున. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చేస్తారు, దాన్నే ఫారం అంటారు. మూడు మడతలు వేస్తే పేజీలు వరసలోకి వస్తాయి. పుస్తకానికి ఏడు ఫారాలు, మూడు వందల పుస్తకాలు. తోపుడు బండి మీద ఏడు దొంతరలు వచ్చాయి, వాటి పక్కన చిత్తుకాగితాల కట్టలు రెండు. ప్రెస్సులో పనికిరాని కాగితం బైండింగుకి పంపడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. అక్కడ చిత్తు, ఇక్కడ పుస్తకం వెన్నుకి పట్టీ.

రెండు కట్టల్లో పెద్దది వదులుగా, పెళ్ళి అయిపోయిన పందిరిలా ఉంది. చిన్నది మాత్రం నాలుగు పలకలుగా గట్టిగా, పైన ముతక కాగితం చుట్టి ఉంది. తాడు కింద ఒక చీటీ. చీమల బారు లాంటి ఆ రాత ఎవరిదో దూరం నుంచే తెలుస్తుంది. మూడు నెలల్లో మాస్టారి దగ్గర్నించి తొమ్మిది చీటీలు వచ్చాయి. తొమ్మిదింటిదీ ఒకటే పాట. ముందుమాట పెరిగింది, కాగితం ఖర్చు చూసుకో. రెండోసారి దిద్దాల్సి వచ్చింది, నా సంగతి చూసుకో.

బైండరు చీటీ లాగాడు, విప్పకుండానే చొక్కా జేబులో కుక్కాడు.

"ఏమంటాడు?" అంది అక్క.

"ఏమంటాడు, చెయ్యి చాపుతాడు. పుస్తకం చేతికొచ్చేదాకా ఆయన పాట వినను."

"వినకపోతే మానతాడా. దోమ వినమని అడిగే పాడుతుందా."

అక్క అతనికన్నా ఆరేళ్ళు పెద్ద. మరదలు, అంటే బైండరు పెళ్ళాం, పోయినప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వచ్చి మడత పని చూస్తోంది. వాకిలి దగ్గర వెలుగు పడే చోట చాప వేసుకుంది. అది మరదలి చోటు. ముందుగదికి కిటికీ లేదు. ఇంటి వెనక జాగాలో పెద్ద కిటికీతో ఒక గది వెయ్యాలని మొగుడూ పెళ్ళాం పదిహేనేళ్ళు అనుకున్నారు. ఆ జాగా అమ్మే ఈ పుస్తకం వేశాడు. "గది కట్టినా ఇప్పుడు అందులో కూర్చునేదెవరు" అని అక్కతో అన్నాడు. అక్క కాదనలేదు.

చాప మీద కూర్చుని అక్క మడత బద్ద చేతిలోకి తీసుకుంది. జానెడు కర్రముక్క. ఇరవై ఆరేళ్ళు ఒకే బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉంది. అక్క వేలు అందులో ఇమడదు, పక్కకి జారుతుంది.

"వంకరగా పడుతోంది మడత" అన్నాడు బైండరు.

"నా వేలు వంకర. ఆవిడ వేలు కావాలంటే పైకెళ్ళి అడిగి తెచ్చుకో."

అతను నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. ఫారం తీసుకుని మూలనున్న అంకె చూసి మడవడం మొదలుపెట్టాడు. బైండింగు పనిలో మొదటి నియమం అదే: అంకె చూడు, అక్షరం చూడకు. చదివితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. పని నేర్పినాయన తల మీద మొట్టి మరీ నేర్పాడు. ఆరో తరగతితో బడి మానేసి వచ్చిన కుర్రాడికి ఆ నియమం సుఖంగానే ఉంది. ముప్పై ఏళ్ళలో లక్ష పుస్తకాలు అతని చేతుల మీదుగా పోయి ఉంటాయి. పట్టుమని పది చదవలేదు.

పెళ్ళానికైతే అసలు అక్షరమే రాదు. అంకెల్ని బొమ్మలుగా గుర్తు పెట్టుకుంది. రెండు అంటే బాతు. ఏడు అంటే కొడవలి. ఎనిమిది అంటే మెడకి తాడు బిగించిన సంచి. "బాతు పక్కన కొడవలి వచ్చిందయ్యా, మధ్యలో వాళ్ళెటు పోయారు" అని ఫారాలు తప్పినప్పుడు అరిచేది. మంచాన పడ్డాక చేతులు ఊరుకున్నా నోరు ఊరుకోలేదు. తన బతుకు కథ ఎనిమిది నెలలు చెప్పింది. అతను పక్కన స్టూలు వేసుకుని, తానే కోసి పెట్టుకున్న అరవై ఏడు అరఠావు కాగితాల మీద, ఒక వైపే, సిరా కలంతో రాశాడు.

"చెప్పింది చెప్పినట్టు రాయి. నువ్వు బాగు చెయ్యకు" అనేది. "నువ్వు బాగుచేసిన కుర్చీ చూశాంగా, అప్పట్నుంచీ కుంటుతోంది."

అతను బాగు చెయ్యలేదు. తీసుకెళ్ళి బాగుచేసేవాడికి ఇచ్చాడు.

ప్రెస్సు ఓనరు చెప్పబట్టే ఇచ్చాడు. "సొంతంగా పుస్తకం వేసుకోవడం అంటే ఇల్లు కట్టుకోవడమేనోయ్. నీ తప్పులు నీకు కనపడవు, ఎవడి వీపు వాడికి కనపడదుగా. మాస్టారికి ఇయ్యి" అన్నాడు. ఇచ్చాడు. ప్రూఫులు వచ్చినప్పుడు మాస్టారు, "ఒకసారి, చూస్తావా?" అని అడగనే అడిగాడు. బైండరు చేతులు కట్టుకుని, "మీరు చూశాక నేను చూసేదేముంది మాస్టారూ" అన్నాడు. గౌరవం కొంత. ఆరో తరగతి సిగ్గు కొంత. ఆ రెంటికంటే పెద్దది ఇంకోటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చూడకూడదనుకున్నాడు. తన చేత్తో కుట్టి, అట్ట వేసి, అంచు కోసి, నిండు పుస్తకంగా మొదటిసారి తెరవాలనుకున్నాడు.

మంగళ, బుధవారాలు కుట్టుతో గడిచాయి. ఏడు ఫారాలు ఒక దాని మీద ఒకటి పేర్చి, మడత మధ్యలోంచి సూది దూర్చి, దారం లాగి, కింది ఫారానికి ముడి వెయ్యాలి. దారం మైనం మీద రాస్తే పురి విడిపోదు. మామూలు పుస్తకాలకి నాలుగు కుట్లు వేస్తాడు. దీనికి ఆరు వేశాడు.

"మూడు వందల పుస్తకాలు మనవలదాకా ఆగాలా ఏంటి" అంది అక్క, వేలికి గుచ్చుకున్న సూది పీకుతూ. "నీకు మనవలు కాదు కదా పిల్లలే లేరు."

"ఎవరి మనవలైనా సరే."

గురువారం వెన్ను పని. కుట్టిన పుస్తకం వెన్నుకి ముతక గుడ్డ అతికించి, దాని మీద రెండు పొరలు కాగితం పట్టీ వెయ్యాలి. అట్ట ఎంత మంచిదైనా పట్టీ సరిగ్గా లేకపోతే పుస్తకం నాలుగుసార్లు తెరిచేసరికి నడుం విరిగి కూర్చుంటుంది. బైండరు చిత్తు కట్టల వంక చూశాడు. పెద్ద కట్టలో కాగితాలు తలో సైజూ. చిన్న కట్ట కొలబద్ద పెట్టి చూస్తే అడ్డం సరిగ్గా పుస్తకం ఎత్తుకి సరిపోయింది. నూలుపోగంత తేడా లేదు.

"చూశావా, కోసి పంపినట్టే ఉంది" అన్నాడు సంతోషంగా.

తాడు మాత్రం తెంపాడు. పైన చుట్టిన కాగితం విప్పలేదు. విప్పితే కట్ట చెదురుతుంది, చెదిరితే కోత వంకర పోతుంది. ముప్పై ఏళ్ళుగా కట్ట విప్పకుండానే కోస్తున్నాడు. కోత మిషను కింద పెట్టి, చక్రం బిగించి, పిడి కిందికి లాగాడు. కత్తి కాగితంలోకి దిగేటప్పుడు కొత్త బట్ట చింపినట్టు ఒక చప్పుడు వస్తుంది. అంగుళంన్నర జరిపి మళ్ళీ లాగాడు. తొమ్మిది కోతలకి కట్ట అంతా పట్టీలైంది. దొంతరలు దొంతరలుగానే ఎత్తి అక్క ముందు పెట్టి, తాను అటు తిరిగి అట్టలు కొయ్యడానికి కూర్చున్నాడు.

అక్క మైదా బంక గిన్నె దగ్గరికి లాక్కుంది. కుంచెతో పట్టీలకి బంక పూస్తూ, పుస్తకం మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని, వెన్ను మీద పట్టీ పెట్టి, బొటనవేలితో పైనుంచి కిందికి రుద్దుతోంది. ఒక పాతిక అయ్యాక చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"ఒరేయ్, ఇవి అచ్చు కాగితాలు కాదురా. ఒక పక్క చేత్తో రాసుంది. సిరా కారుతోంది."

"పరీక్ష పేపర్లై ఉంటాయి" అన్నాడు అతను, వెనక్కి తిరక్కుండా. "ప్రెస్సువాళ్ళు తూకానికి కొంటారు. రాసిన వైపు లోపలికి పెట్టి అతికించు, మరక పైకి రాదు."

"బంక పల్చనైందేమో."

"పల్చగా ఉంటేనే పడుతుంది. కానియ్."

"ఎవరి పిల్లలో పాపం, ఇంత రాశారు" అని అక్క ఇంకో పట్టీ తీసింది.

సాయంత్రానికి ఆరు వందల పట్టీలు అయిపోయాయి. మూడు మిగిలాయి. పొయ్యి పక్కన నీళ్ళ గిన్నె కదులుతోందని ఒకటి మడిచి దాని కింద పెట్టింది. రెండు తీసి మడత బద్ద ఉండే రేకు డబ్బాలో దాచింది. కాగితం ముక్క పారెయ్యడం ఆమెకి చేతకాదు. వెళ్ళేముందు పంపు కింద చేతులు రుద్దిరుద్ది కడుక్కుంది. నీళ్ళు నీలంగా పోయాయి. గోళ్ళ సందుల్లో నీలం పోలేదు.

శుక్రవారం అట్టలు వేసి పుస్తకాలన్నీ బరువు రాయి కింద పెట్టారు. శనివారం మధ్యాహ్నానికి తడి ఆరింది. బైండరు మొదటి పుస్తకం తీసి అంచులు కోశాడు. అరచేత్తో అట్ట తుడిచాడు. పైన ఆమె పేరుంది. ఆమె పేరు అచ్చులో ఎప్పుడూ చూడలేదతను, ఆసుపత్రి కాగితాల మీద తప్ప.

"చదవరా" అంది అక్క. చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "మరదలు ఏమందో విందాం. నా గురించి ఏం వాగిందో."

అతను వాకిట్లో స్టూలు వేసుకున్నాడు. మాస్టారి ముందుమాట పన్నెండు పేజీలు తిప్పేసి, గొంతు సవరించుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఒక నిరుపేద, శ్రామిక కుటుంబమునందు, నేను, జన్మించితిని. బాల్యము నుండియు, కష్టములే, నాకు గురువులైనవి."

అక్క కాసేపు విని చెయ్యి ఊపింది. "ముందుమాట వద్దులేరా. ఆయన గోల మనకెందుకు. అసలుది చదువు."

బైండరు పేజీ చూశాడు. వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు.

"ఇదే అసలుది" అన్నాడు.

"ఇదా?"

"పుట్టాను, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అలా కదా మొదలెట్టింది" అన్నాడు. "నేను రాశాను. నాకు తెలుసు."

"ఇంకో చోట చూడు. ఆ బాతూ కొడవలీ ఉంటుంది చూడు, అది చదువు."

అతను వెతికాడు. వేలు పెట్టి వరసా వరసా వెతికాడు. నలభై ఒకటో పేజీలో దొరికింది. "నిరక్షరాస్యురాలనైనందున, అంకెలను, వాటి ఆకృతిని బట్టి, గుర్తించుచుంటిని."

"బాతేదిరా?"

"బాతు లేదక్కా."

"కొడవలి?"

అతను తల అడ్డంగా ఊపాడు.

అక్క కాళ్ళు ముడుచుకుంది. "ఎవరో పెద్దింటావిడ" అంది నెమ్మదిగా. "బాగానే మాట్లాడుతోంది పాపం. తప్పు పట్టడానికి లేదు. మన పిల్ల మాత్రం కాదు."

వీధిలో సైకిలు మీద గాజు పలకలు కట్టుకుని ఒకడు జాగ్రత్తగా నడిపించుకుంటూ పోయాడు. బైండరు లేచాడు.

"పోనీ. నా కాగితాలున్నాయి. ప్రెస్సులోనే ఉన్నాయి. ఇల్లు అమ్మైనా మళ్ళీ వేయిస్తా. ఒక్క అక్షరం మార్చనివ్వను."

"భోంచేసి వెళ్ళు."

"వచ్చి తింటా."

పని చొక్కాతోనే వెళ్ళాడు. ప్రెస్సులో మిషను నడుస్తోంది. మూల బల్ల దగ్గర మాస్టారు ఎర్ర కలంతో ఎవరిదో పాఠ్యపుస్తకం మీద వంగి ఉన్నాడు. బైండరు పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మాస్టారు ముఖం విప్పారింది. అట్ట తడిమాడు, తెరిచాడు, మూశాడు.

"భేష్. కుట్టు అంటే, ఇదీ కుట్టు."

"కుట్టు సంగతి కాదు మాస్టారూ. లోపల మా ఆవిడ ఏది?"

మాస్టారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కలం పక్కన పెట్టాడు. "చూడు నాయనా. ఆవిడ మాట్లాడినట్టే అచ్చేస్తే, జనం నవ్వుతారు. నాలుగు రోజులు చెప్పుకుని మరీ నవ్వుతారు. పోయినావిడ, నవ్వులపాలు కావడం, నీకు ఇష్టమా? నేను, ఆవిడకి, పరువైన బట్ట కట్టించి, పంపాను."

"నవ్వాలనే చెప్పింది మాస్టారూ. నవ్వకపోతే ఆవిడ ఊరుకునేది కాదు."

"చివరి పుటలు దిద్దుతూ, నేను ఏడ్చాను. తెలుసా? నా కళ్ళజోడు, రెండుసార్లు తుడుచుకున్నాను."

"దేనికి ఏడ్చారు? ఆవిడ చెప్పిందానికా, మీరు రాసిందానికా?"

మిషను దగ్గర మనుషులు పని ఆపి ఇటు చూస్తున్నారు. ఓనరు తన గదిలోంచి తల బయట పెట్టాడు. బైండరు జీవితంలో చదువుకున్నవాడి ముందు గొంతు పెంచడం అదే మొదలు. పెంచాక తెలిసింది, ఆపడం కష్టమని.

"మీరు బడిలో నన్ను దిద్దితే పడేవాణ్ణి. చచ్చిన మనిషిని దిద్దడానికి మీకు చేతులెలా వచ్చాయి? మీకు డబ్బిచ్చింది తప్పులు తియ్యమని, మనిషిని తియ్యమని కాదు. నా కాగితాలు నాకు ఇచ్చెయ్యండి. మీతో నాకు మాటలొద్దు."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. కళ్ళజోడు లేకపోతే ఆయన ముఖం చిన్న పిల్లాడి ముఖంలా ఉంది.

"నీ కాగితాలు, నీకే పంపానుగా."

"ఎప్పుడు?"

"ఫారాలతోనే. ఇక్కడ ఉంటే, ఎవరైనా, చిత్తు అనుకుని, పారేస్తారని, నేనే సరిగ్గా సర్ది, పైన ముతక కాగితం చుట్టి, గట్టిగా కట్టాను. మూలలు నలగకూడదని." ఆయన గొంతులో కామాలు ఎక్కువయ్యాయి. "చీటీ పెట్టాను, తాడు కింద. చీటీ, చూడలేదా?"

బైండరు చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. చీటీ ఐదు రోజుల చెమటకి మెత్తబడి ఉంది. విప్పాడు. రెండే వరుసలు.

"నీ చేతిప్రతి, ఇందులో ఉంది. ఆవిడ మాట, ఇదొక్కటే ప్రతి. జాగ్రత్త."

తొమ్మిది చీటీల తరవాత పదోది. పది చీటీల్లో డబ్బడగనిది ఇదొక్కటే.

"అందింది కదా?" అన్నాడు మాస్టారు.

బైండరు పుస్తకం తీసుకున్నాడు. "అందింది" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, ఏమీ గుర్తు రానట్టు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అక్క అన్నం గిన్నె మీద మూత పెట్టి ఎదురుచూస్తోంది. అతను చెప్పులు విప్పలేదు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి, గోళ్ళ సందులు చూశాడు. నీలం ఇంకా ఉంది.

"ఏమైందిరా?"

అతను కత్తి తీసుకున్నాడు. పై నుంచి ఒక పుస్తకం తీసి, వెన్ను మీద అట్ట గుడ్డకి గాటు పెట్టి, నీళ్ళ గుడ్డతో తడిపి, నానాక పట్టీ అంచు గోటితో లేపాడు. పై పొర వచ్చింది. కింది పొర వచ్చింది. రెంటి మీదా అక్షరం లేదు. తడి గోడ మీద చెమ్మ దిగినట్టు నీలం పరుచుకుని ఉంది, అంతే. బంక సిరాని తాగేసింది. రెండో పుస్తకం కోశాడు. అదీ అంతే. మూడోది తీసేసరికి అక్క అతని మణికట్టు పట్టుకుంది. ఆమెకి అప్పటికి అర్థమైంది.

"ఆగు. నేనన్నాను కదరా, రాసుందని" అంది. నెపం వెయ్యడానికి అనలేదు. ఆ మాట ఎక్కడ పెట్టాలో తెలియక అంది. "నేనన్నాను కదా."

"అన్నావు."

"చదవడం వచ్చుంటే ఒక్క ముక్క చూసి చెప్పేదాన్ని."

"నాకొచ్చుగా అక్కా చదవడం" అన్నాడు బైండరు.

అక్క లేచి రేకు డబ్బా తెచ్చింది. దాంట్లోంచి రెండు పట్టీలు తీసి అతని చేతిలో పెట్టింది. పొడిగా, శుభ్రంగా, అతని దస్తూరీతో ఉన్నాయి. ఒక్కో దాని మీద మూడేసి వరుసలు. గిన్నె కింద పెట్టిన మూడోది తడిసి నేలకి అంటుకుపోయింది.

అతను మొదటిది చదివాడు. పైకే చదివాడు.

"అని అడిగాడు ఆ బాబు, ఇన్ని పుస్తకాలు మడుస్తావు చదవవా అని. నేనన్నాను, మంత్రసాని ఎన్ని కాన్పులు చేస్తే ఏం నాయనా, ఆ పిల్లలేమన్నా ఆమె ఇంటికొచ్చి అన్నం పెట్టమంటారా. అదీ సంగతి. ఆ మాట వదిన విని"

అక్క నవ్వింది. నవ్వు మధ్యలోనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "విని? నేను విని ఏమన్నాను?"

"ఇక్కడికి కోసేశాను."

"నాకు గుర్తు లేదురా. ఏమన్నానో నాకు గుర్తు లేదు."

అతను రెండో పట్టీ తీసుకున్నాడు. ఇది మొదట లోపల చదువుకున్నాడు. అక్క చూస్తూ ఉంది. అతని పెదాలు కదిలి ఆగిపోయాయి.

"పైకి చదువు. నాకు రాదుగా."

చదివాడు. "ఈయన రాస్తున్నాడు గానీ వినట్లేదు. చూడండి, ఇది కూడా రాసేశాడు. ఫారం మడిచినట్టే రాస్తాడు. ఫరవాలేదు, నేను పోయాక ఎప్పుడో తీరిగ్గా కూర్చుని చదువుకుంటాడు, అప్పుడు వినపడతాను. అప్పటిదాకా"

అక్కడికి కత్తి దిగింది.

ఆదివారం అతను కొత్త అరఠావు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పిందంతా తన చేత్తోనే రాశాడు కదా, మళ్ళీ రాయలేకపోతానా అనుకున్నాడు. పుట్టాను, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అంతవరకూ వచ్చింది. తరవాతది కోసం కళ్ళు మూసుకుంటే, బాల్యము నుండియు కష్టములే అని వచ్చింది. కొట్టేశాడు. మళ్ళీ మూసుకున్నాడు. గుర్తించుచుంటిని అని వచ్చింది. ఎనిమిది నెలలు పక్కనే కూర్చున్న చెవుల్లో ఒక మధ్యాహ్నం విన్న మాస్టారే ఉన్నాడు. సాయంత్రానికి కాగితం మీద ఆ ఒక్క వాక్యమే ఉంది. అక్క వచ్చి చూసి, దీపం స్విచ్చి వేసి వెళ్ళింది.

సోమవారం ప్రెస్సు ఓనరు వచ్చాడు. మాస్టారు రెండు రోజులుగా పనికి రావట్లేదని, ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాడని చెప్పాడు. బైండరు మాస్టారి గురించి ఏమీ అడగలేదు. పుస్తకాలన్నీ అరలో వెన్ను బయటికి కనపడేలా వరసగా పేర్చి ఉన్నాయి. కోసిన రెంటికీ మళ్ళీ గుడ్డ అతికించాడు.

ఓనరు వరస చూసి తృప్తిగా తల ఊపాడు. "కొట్లకి ఎన్ని పంపమంటావు? మొదట ఒక యాభై?"

"ఒక్కటీ ఇవ్వను."

"అదేంటోయ్. నూట పది గజాల జాగా అమ్మి వేయించుకున్నది అరలో పెట్టి దీపం పెట్టడానికా? మాస్టారు నాలుగు మాటలు మారిస్తే మారిస్తాడు, చదివేవాడికేం తెలుస్తుంది. పాడు ముఖం పెట్టకు. చూడు, పుస్తకం ఎంత కళగా ఉందో." ఒకటి తీసి తెరవబోయాడు.

"వెన్ను విరవకండి" అన్నాడు బైండరు.

మెల్లిగానే అన్నాడు గానీ ఓనరు పుస్తకం అరలో పెట్టేశాడు. వాకిట్లో అక్క ఎవరిదో లెక్కల పుస్తకం ఫారాలు మడుస్తోంది. బద్ద గుంటలో ఆమె వేలు ఇంకా కుదురుకోలేదు. ప్రతి ఫారానికీ ఒక క్షణం ఆగి, మూల అంకె మీద వేలు పెట్టి, పెదాలతో ఏదో అనుకుని, మడుస్తోంది. బాతు. కొడవలి.

ఓనరు వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడ్డాడు. మనసున్న మనిషే. "మొత్తం మీద నీకు ఎంత పోయిందోయ్? లెక్క చెప్పు. నా వైపు నుంచి ఏమన్నా చూస్తాను."

బైండరు చేతిలో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించి కొస లాగాడు.

"అరవై ఏడు అరఠావులు" అన్నాడు.

"అంతేనా?" ఓనరు తేలికపడ్డాడు. "నేనింకా ఏదో అనుకున్నాను. పొద్దున ఒక రీము పంపిస్తాలే, తెల్లటిది."

బైండరు దారం మైనం మీద లాగాడు.

"అరవై ఏడు అరఠావులు" అన్నాడు మళ్ళీ. "ఆరు వరుసలు తక్కువ."